అల్లుడుగారి పన్నెండు గంటల రోజు

కోడి రోజుకు ఒక్క గుడ్డే ఎందుకు పెడుతుందని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పెడుతోంది, తీసుకుంటున్నాం, అంతే. మా తమ్ముడి అల్లుడు అడిగారు. అడిగి ఊరుకున్నా బాగుండేది.

ఆయన అంతకుముందు ఏదో కంపెనీలో మనుషుల చేత రెట్టింపు పని ఎలా చేయించాలో నేర్పే ఉద్యోగం చేసేవారు. ఆ కంపెనీ మూతపడింది. ఎందుకు మూతపడిందని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో అల్లుడి మాటకి ఎదురు చెప్పరు. సూర్యుడు పడమట పొడుస్తాడని ఆయనంటే, "అవునండీ, మొన్న నేనూ చూశాను" అనే రకం మా తమ్ముడు. అలా కోళ్లఫారం పెత్తనం ఆయన చేతికి వచ్చింది.

ఆ షెడ్డు లైట్లు ఇరవై రెండేళ్లుగా నా చేతిలో ఉన్నాయి. చుట్టూ నల్ల పరదాలు కాబట్టి లోపల పొద్దు పొడవాలన్నా కుంకాలన్నా నా స్విచ్చే. తెల్లవారుజామున నాలుగింటికి వేస్తాను, రాత్రి ఎనిమిదింటికి ఆపుతాను. పదహారు గంటల వెలుతురు తగలనిదే కోడి సరిగ్గా గుడ్డు పెట్టదు. మా ఆయన పోయాక తమ్ముడింటికి వచ్చినప్పుడు నా నడుముకి ఈ తాళాల గుత్తి కట్టారు. అది ఉన్నంతకాలం ఊరికే కూర్చుని తింటోందని నన్నెవరూ అనలేదు, నేనూ అనుకోలేదు. నాలుగేళ్ల కిందట నీటికాసులు వచ్చి చూపు పోయింది. వెలుతురూ చీకటీ మాత్రం తెలుస్తాయి. లైట్లకి అంతకన్నా ఏం కావాలి?

తలుపు పక్క బోనులో ఒక గుడ్డి కోడి ఉంది. చిన్నప్పుడు తోటి కోళ్లు రెండు కళ్లూ పొడిచేశాయి. కళ్లున్నవాటికంటే ఠంచనుగా, పొద్దున తొమ్మిదికి కాస్త అటూ ఇటూగా గుడ్డు పెట్టి కొక్కొక్కో అంటుంది. అందుకే దానికి టీచరమ్మ అని పేరు పెట్టాను.

ఒకరోజు అల్లుడుగారు అందర్నీ హాల్లో కూర్చోబెట్టారు.

"మామయ్యగారూ, కోడికి లైటు వెలిగితే పగలు, ఆరితే రాత్రి. దాని దగ్గర గడియారం లేదు కదా?"

"అబ్బే, లేదండీ," అన్నాడు తమ్ముడు, తనే ఎక్కడో దాచినట్టు తడబడుతూ.

"అయితే ఆరు గంటలు లైటు, ఆరు గంటలు చీకటి. పన్నెండు గంటలకే ఒక రోజు అయిపోతుంది. అంటే మన ఒక్క రోజులో వాటికి రెండు రోజులు. రెండు గుడ్లు!"

మా మరదలు చప్పట్లు కొట్టింది. నాకు ఒళ్లు మండింది.

"బాబూ, లోపల గుడ్డు తయారవడానికే ఒక పగలూ ఒక రాత్రీ, పైన ఇంకాస్తా పడుతుంది. తొమ్మిది నెలల బిడ్డని నాలుగున్నర నెలల్లో కనమంటే ఎవరైనా కంటారా?"

మరదలు నా మోచేతి మీద గిల్లింది.

"అత్తయ్యగారూ, ఏమీ అనుకోకండి," అన్నారాయన. ఏమన్నా అనుకోవాల్సిన మాట రాబోతోందని అప్పుడే తెలిసింది. "చూపు లేనివాళ్ల చేతిలో లైట్లు పెట్టడమే అసలు పొరపాటు. మీరు విశ్రాంతి తీసుకోండి. ఆ గుడ్డి కోడిని కూడా శనివారం మాంసం వ్యాను ఎక్కించేద్దాం. వెలుతురు కనబడనిది వెలుతురుకి గుడ్డెలా పెడుతుంది?"

తమ్ముడు నా దగ్గరికొచ్చి, "అక్కా, నాలుగు రోజులే," అని గొణుగుతూ గుత్తి విప్పి అల్లుడుగారి చేతికిచ్చాడు. గదిలోకి పోయి ఏడ్చాను. అవును, ఏడ్చాను. నన్నూ కోడినీ ఒకే మాటలో తేల్చేశారు మరి.

శుక్రవారం టీకాలు వేయడానికి కోళ్ల డాక్టరమ్మ వచ్చింది. టీచరమ్మ సంగతి చెప్పగానే పకపకా నవ్వింది.

"కోడికి వెలుతురు కళ్లలోంచే వెళ్లాలని ఎవరన్నారండీ? దాని పుర్రె పల్చన. మెదడు లోపలే వెలుతురు పట్టే చోటుంది. కళ్లు పోయినా పొద్దు తెలుస్తుంది." సెల్‌ఫోను టార్చి వెలిగించి అరచేతిని దానిమీద పెట్టిందట. "చూడండి, వేళ్లు ఎర్రగా వెలగట్లేదూ? ఇంత మందాన్నే దాటినప్పుడు ఆ చిన్న తలకాయ ఎంత?"

అందరూ "అబ్బో" అన్నారు. అల్లుడుగారు మాత్రం రెండు తుమ్ములు తుమ్మారు. షెడ్డు దుమ్ము ఆయనకి పడదు. గుమ్మం దాటి లోపలికి ఎప్పుడూ రారు.

"అయితే పందెం," అన్నాను నేను. "టీచరమ్మని దాణా గదిలో ఉంచుతాను. అక్కడి లైటు నా పాత టైముకే వేస్తాను. నెల్లాళ్లు సరిగ్గా గుడ్డు పెడితే దాని జోలికి రావద్దు. పెట్టకపోతే వ్యానెక్కించండి. నేనూ ఇక తాళాల ఊసెత్తను."

డాక్టరమ్మ ముందు కాదనలేక అల్లుడుగారు ఊఁ అన్నారు.

షెడ్డు స్విచ్చుని తన పడకగదిలోకి మార్పించుకున్నారు. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, అర్ధరాత్రి పన్నెండు. ఆటోమేటిక్ పెట్టించుకోండంటే, "యంత్రాన్ని నమ్మకూడదు, బాధ్యత మనిషిది" అన్నారు. అలారం పెట్టుకుని లేచి మరీ నొక్కేవారు.

వారం తిరగకుండా షెడ్డు గోలగోలైపోయింది. ఒక కోడి తెల్లారగట్ల పెడితే ఇంకోటి సాయంత్రం. కొన్ని పెంకు లేకుండా మెత్తగా జారిపోతున్నాయి. కొన్ని అసలు పెట్టడమే మానేశాయి. గుడ్లేరే ఆడవాళ్లు ట్రేలు పట్టుకుని రోజంతా పరుగులే. "మార్పు మొదట్లో ఇలాగే ఉంటుంది," అన్నారు అల్లుడుగారు, మూసిన తలుపు వెనకనుంచి. దాణా గదిలో టీచరమ్మ మాత్రం తొమ్మిదింటికి కొక్కొక్కో.

పదో రోజున తమ్ముడు పిల్లిలా వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"అక్కా, సగం గుడ్లు కూడా రావట్లేదే."

"వెళ్లి ఆయనకి చెప్పు."

"బాధపడతారేమోనే."

"కోళ్లు బాధపడట్లేదా? నేను పడలేదా?"

లేచి వెళ్లిపోయాడు. మర్నాడు తమ్ముడు గుట్టుగా ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాడు. అల్లుడుగారి గోడ మీద స్విచ్చు అలాగే ఉంది. నొక్కితే చిన్న ఎర్రబల్బు కూడా వెలుగుతుంది. దాని వెనక తీగ మాత్రం ఎక్కడికీ పోదు. అసలు స్విచ్చు షెడ్డులో నా పాత చోటికే వచ్చింది. తాళాలు అల్లుడుగారి జేబులోనే ఉన్నాయి కనక, ఇరవై రెండేళ్లు నడిచిన షెడ్డులోకి నేను దొంగలా దాణా బస్తాలు దించే చిన్న తలుపులోంచి దూరేదాన్ని. ఆ సిగ్గు నేను మర్చిపోలేదు.

రెండు వారాలకి కోళ్లు దారిలో పడ్డాయి. అల్లుడుగారు కాగితం మీద లెక్క చూసి మురిసిపోయారు. "చూశారా, అలవాటు పడ్డాయి! రెండో గుడ్డు దారిలో ఉంది." తమ్ముడు, "అంతా మీ చలవేనండీ," అన్నాడు.

ఇక పన్నెండు గంటల రోజు మిగిలింది ఒక్క అల్లుడుగారికే. అర్ధరాత్రి లేచి ఒకసారి, ఆరింటికి ఒకసారి తీగ లేని స్విచ్చు నొక్కుతారు. నా మేనకోడలు వచ్చి ఏడ్చింది.

"అత్తా, ఆయనకి వేళాపాళా తెలియట్లేదు. నిన్న షేవింగ్ క్రీముతో పళ్లు తోముకున్నారు. దువ్వెన నిండా జుట్టే."

"కోళ్లకీ అంతేనే. పొద్దు తప్పితే ఈకలు రాలుతాయి," అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. పిల్ల మొహం ఎలా అయిందో చూడకుండానే తెలిసింది.

నెల నిండిన రోజు మధ్యాహ్నం ఆయనే పందెం తేల్చుకోవడానికి దాణా గదికి వచ్చారు. రెండు తుమ్ములు తుమ్మి, బస్తా మీద కూర్చుని, "ఏదీ ఆ కోడి..." అంటూనే పక్కకి ఒరిగిపోయారు. గురక. నేను లేపలేదు. చాలాసేపటికి ఉలిక్కిపడి లేచారు.

"అయ్యో! టైమెంతైంది? ఆరు దాటిందా? స్విచ్చు నొక్కలేదు, కోళ్లు ఏమైపోయాయో!"

నేను వాకిలివైపు మొహం తిప్పాను. బుగ్గ మీద వెలుతురు పల్చబడింది.

"ఆరున్నర కావస్తోంది. కోళ్లకేం కాలేదు బాబూ. ఇరవై రోజులుగా అవి నా స్విచ్చు మీదే ఉన్నాయి. మీ స్విచ్చుకి తీగ లేదు."

ఫోను తీసి టైము చూసుకున్న చప్పుడు.

"ఆరూ ఇరవై ఎనిమిది," అన్నారు మెల్లగా. "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు అత్తయ్యగారూ?"

"ఈ ఇంట్లో అల్లుడికి ఎవరు చెప్తారు? మొదటిరోజు నేను చెప్పాను. మీరు తాళాలు లాక్కున్నారు."

గలగలమని చప్పుడైంది. నా అరచేతిలో గుత్తి బరువుగా పడింది. జేబులో ఉండి ఉండి వెచ్చగా ఉంది.

"ఎనిమిదింటికి ఆపేస్తాను," అన్నాను నడుముకి కట్టుకుంటూ. "మీరు కూడా పోయి పడుకోండి. అలారం పెట్టకండి."

"సరే అత్తయ్యగారూ," అన్నారు.

మా ఇంటి అల్లుడు ఒకరితో సరే అనడం అదే మొదటిసారి. మర్నాడు తొమ్మిదింటికి టీచరమ్మ ఇల్లెగిరిపోయేలా కొక్కొక్కో అన్నా ఆయన లేవలేదు.