తోక ఊపిన ట్రైలర్

వెనక రావలసిన ట్రైలర్ తన పక్కనే వస్తున్నట్టు వర్షితకు కుడి అద్దంలో కనిపించింది.

రెండు క్షణాల తర్వాత అది ఎడమ అద్దంలో ఉంది. మళ్ళీ కుడి అద్దంలోకి వచ్చింది. పద్దెనిమిది అడుగుల రేకు పెట్టె. దాని నిండా ఒక పెళ్ళి వంటకు కావలసిన సరంజామా, ఆరు నిండు గ్యాస్ సిలిండర్లు. అంతా కలిసి పికప్ వెనక తోకలాగా ఊగుతోంది. ఒక్కో ఊపుకు పికప్ వెనక చక్రాలు కూడా రోడ్డు మీద అటూ ఇటూ జరుగుతున్నాయి.

"బ్రేకు తొక్కు పాపా! బ్రేకు!" పక్క సీట్లో కూర్చున్న మేనమామ గోవిందస్వామి కేక పెట్టాడు.

"తొక్కితే ఎనక బండి వచ్చి మనల్ని మడిచేస్తాది మామా. గమ్మునుండు."

వర్షిత బ్రేకు తొక్కలేదు. ఊపుకు ఎదురు స్టీరింగ్ తిప్పనూ లేదు. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసేసి, స్టీరింగ్‌ను నేరుగా బిగించి పట్టుకుంది. అరవై. యాభై. నలభై. వెనక సీట్లో ఆయన భార్య కృష్ణమ్మ తిరుత్తణి మురుగన్‌ను ఒక్కో పేరుతో పిలుస్తోంది. వేగం ముప్ఫైకి దిగాక ఊపు చచ్చింది. దాటిపోతున్న బస్సు డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమ్మా, అదు వండియా, పాంబా?" అని తమిళంలో అరిచి మరీ పోయాడు.

అతని అనుమానం న్యాయమైనదే. ఇంతసేపూ ఆ బండి పాములాగే నడిచింది.

కనకమ్మసత్రం దాటాక ఒక టీకొట్టు ముందు వర్షిత బండి ఆపింది. టైము ఒంటిగంటన్నర. తిరుత్తణి ఇంకా పదిహేను కిలోమీటర్లు ఉంది. అక్కడ మండపంలో సాయంత్రం రిసెప్షన్‌కు నాలుగు వందల మందికి వేడి దోసెలు వేయాలి. పెళ్ళికూతురి పెద్దమ్మ దేవసేన మాట కచ్చితంగా చెప్పింది. మూడు గంటలకు పొయ్యి వెలగకపోతే, మండపం వీధిలోనే ఉండే వంటమేస్త్రి నాగలింగాన్ని పిలుస్తుంది.

మగ్గం మానేశాక గోవిందస్వామి, కృష్ణమ్మ ఇరవై ఏళ్ళుగా పెళ్ళివంటలు చేస్తున్నారు. వంటిల్లు మొత్తాన్ని చక్రాల మీద పెట్టాలన్న ఆలోచన మాత్రం వర్షితది. ఈ ట్రైలర్‌కు ఇదే మొదటి పెళ్ళి. ఇది చెడితే దాన్ని పెరట్లో కోళ్ళ గూడు చేస్తానని కృష్ణమ్మ ఉదయమే ప్రకటించింది.

"మెల్లగా ఇరవైలో పోదాం పద," అన్నాడు గోవిందస్వామి.

"లోపల ఆరు సిలిండర్లు పెట్టుకోని పోతామా? ఒక గుంతలో పడి మళ్ళీ ఊపు మొదలయితే? ఎందుకు ఊగిందో తెలిసిందాకా ఈ బండి కదలదు మామా."

"అదో, కోళ్ళు కూడా వినినాయి," అంది కృష్ణమ్మ, టీకొట్టు వెనక తిరుగుతున్న కోళ్ళను చూపిస్తూ.

వర్షిత మొదట ట్రైలర్ టైర్ల గాలి చూసింది. నాలుగింటికీ సరిగ్గా ఉంది. గాలివానా లేదు, చెట్ల ఆకులైనా కదలడం లేదు. మిగిలింది హుక్కు. దాన్ని అతికినవాడు తిరువళ్ళూరులో ట్రైలర్ కట్టిచ్చిన యువరాజ్. ఫోన్ చేసి సంగతి చెప్పగానే అతనికి కోపం వచ్చింది.

"నా హుక్కునంటావా అక్కా? దాంతో ఏనుగును కట్టి లాగు! ఆదివారం ఈ సామానుతోనే తిరునిన్రవూరు దాకా పోయొస్తిమే, అప్పుడు ఊగిందా?"

"ఊగలేదు. ఈ పొద్దు ఊగింది."

"ముందు ఒకటి చూడు. ట్రైలర్ ముక్కు పైకెత్తుకోని ఉండాదా?"

వర్షిత నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. నిజమే. ఆదివారం నేలకు సమంగా నిలబడిన పెట్టె ఇప్పుడు ముక్కు ఎగరేసి, వెనక భాగం వాల్చి కూర్చుంది.

"చక్రాలకు రాళ్ళు పెట్టి హుక్కు విప్పు. ముందర కమ్మీని చేత్తో ఎత్తిచూడు. ఫోన్ పెట్టద్దు, నేనుండా."

ఆదివారం ఆ కమ్మీని ఎత్తడానికి యువరాజ్, అతని పనివాడు ఇద్దరూ కలిసి ఆపసోపాలు పడ్డారు. ఇప్పుడు వర్షిత ఒంటిచేత్తో ఎత్తింది. నీళ్ళబిందె కన్నా తేలికగా లేచింది.

"లేచింది యువరాజ్!"

"అయితే నీ లోడు ఎనక్కి పోయింది. అక్కా, చక్రాలు నడిమధ్యన ఉండాయి. పది పాళ్ళ బరువులో ఆరు పాళ్ళు చక్రాలకు ముందర ఉండల్ల, నాలుగు ఎనక. పది కేజీలకు ఒక కేజీ అన్నా హుక్కు మీద కూర్చోవల్ల. ఎనక బరువెక్కితే ఎంత మంచి డ్రైవరయినా ఊగాల్సిందే. అందుకే కదా పెట్టెలో నేల మీద సుద్దముక్కతో గీతలు గీసిస్తిని!"

ఉదయం ఆరింటికి వర్షిత, సహాయ వంటవాడు మునికృష్ణ కలిసి ఆ గీతల ప్రకారమే సామాను ఎక్కించారు. బరువైనవన్నీ ముందు కుడి మూలన, తేలికవి వెనకన పెట్టి బెల్టులు బిగించారు. ఆపైన ఆమె బండిని రోడ్డు మీదికి తెచ్చి నిలబెట్టి, డబ్బాతో డీజిలు తేవడానికి వెళ్ళింది. మునికృష్ణ కూరగాయలు చూసుకోవడానికి ముందే రైలెక్కి తిరుత్తణి పోయాడు.

వర్షిత వెనక తలుపు తెరిచింది.

మూడు ఇనప పొయ్యిలు, పెద్ద గ్రైండరు, ఆరు సిలిండర్లు, బియ్యం మూటలు, అన్నీ వెనక ఎడమ మూలలో ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. ముందు మూలలో, సుద్దగీతల మధ్య, అరిటాకు కట్టలు, పేపరు గ్లాసులు హాయిగా ప్రయాణం చేస్తున్నాయి.

"ఇది ఆ మునికృష్ణ పనే!" కృష్ణమ్మ చీరకొంగు నడుముకు దోపింది. "దించేటప్పుడు నడుము వంచకుండా వాకిట్లోకి తెచ్చి పెట్టుకున్నాడు సోమరిపోతు. తిరుత్తణి రానీ, ఈ పొద్దుతో వాడు మన పనిలో లేడు!"

గోవిందస్వామి గొంతు సవరించుకుని రోడ్డు వైపు తిరిగాడు.

వర్షిత చూపు పొయ్యిలకు కట్టిన తాడు మీద ఉంది. బెల్టులు ఒక పక్కన చుట్టి పెట్టి ఉన్నాయి. వాటికి బదులు తాడు వాడారు. ఆ తాడు రెండు కొసలు కలిసిన చోట ముడి చిన్నగా, చదునుగా, లాగేకొద్దీ బిగుసుకునేలా ఉంది. తెగిన నూలుపోగును మగ్గం మీద అతికే ముడి. మునికృష్ణకు చెప్పులకు తాడు కట్టుకోవడం కూడా సరిగ్గా రాదు.

ఎవరో తెలిసింది. ఎందుకో మాత్రం అంతుపట్టలేదు. అడగడానికి టైమూ లేదు. యువరాజ్ లైన్లో ఉండగానే ఇంకో కాల్ వచ్చింది. దేవసేన.

"యాడుండారు మీరు?"

"కనకమ్మసత్రం దాటినాము అమ్మా. వచ్చేస్తా ఉండాము."

"నాగలింగం ఇక్కడే కూర్చోని కాపీ తాగతా ఉండాడు," అని చెప్పి ఆవిడ పెట్టేసింది.

వర్షిత టీకొట్టు దగ్గరున్న నలుగురిని బతిమాలింది. కృష్ణమ్మ వాళ్ళకు తలా రెండు జాంగ్రీలు ఆశపెట్టింది. గ్రైండరును పట్టుకోవడానికి అందరికన్నా ముందు ఉరికినవాడు గోవిందస్వామి. అరవై రెండేళ్ళ మనిషి ఇంత చురుగ్గా బరువులెత్తడం కృష్ణమ్మకు ఆశ్చర్యం కలిగించింది. "నీకేమయ్యింది మయ్యా, నడుం నొప్పి యాడికి పోయింది?" అని అడిగింది. ఆయన ఇంకో బియ్యం మూట ఎత్తాడు.

పొయ్యిలు, గ్రైండరు, సిలిండర్లు, బియ్యం మళ్ళీ గీతల మధ్యకు చేరాయి. వర్షిత ప్రతి బెల్టూ తనే బిగించింది. ముందు కమ్మీని ఒంటిచేత్తో ఎత్తబోయింది. అది కదలనన్నా కదల్లేదు. పెట్టె ముక్కు దించుకుని బుద్ధిగా నిలబడింది. హుక్కు తగిలించి, గొలుసులు వేసి, ఫోన్‌లో "సరి, యువరాజ్" అంది.

"యాభై దాటద్దు అక్కా. దిగుడులో ముందే గేరు దించుకో."

రెండూ పది. ముప్ఫైలో పోయి చూసింది. అద్దాలు రెండూ ఖాళీ. నలభై. ఖాళీ. యాభైలో ఉండగా ఎదురుగా ఇటుకల లారీ ఒకటి గాలిని కోసుకుంటూ దూసుకుపోయింది. పికప్ కాస్త అదిరింది. ట్రైలర్ ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని, మళ్ళీ నేరుగా వెనకే వచ్చింది. వర్షిత ఈల వేసింది. కృష్ణమ్మ మురుగన్‌ను పిలవడం మానేసి, డబ్బా తెరిచి మురుకులు పంచింది.

రెండు గంటల నలభై నిమిషాలకు మండపం గేట్లోకి తిరిగారు. నాగలింగం కాఫీ గ్లాసు కింద పెట్టి, ఆ పెట్టె కేసి ఒకసారి చూసి, చెప్పులు తొడుక్కున్నాడు. రెండు యాభైకి మొదటి పొయ్యి వెలిగి ఉండేదే. కానీ గోవిందస్వామి బండి ముందుకొచ్చి చేతులు అడ్డం పెట్టాడు.

"ఇట్ల వద్దు పాపా. తిప్పు. మూతి తూర్పుకు పెట్టు."

"ఎట్ల పెడితే ఏమి మామా? టైము లేదు!"

"తూర్పుకు పెట్టు, చెప్తా ఉండా!"

వర్షిత ఆయన ముఖం చూసి, వాదించకుండా బండి తిప్పి నిలబెట్టింది. గోవిందస్వామి తృప్తిగా తలుపు తీశాడు. పొయ్యి వెలిగింది. టైము రెండు యాభై అయిదు.

అప్పుడు మునికృష్ణ ఉల్లిపాయల గంప నెత్తిన పెట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చాడు. కృష్ణమ్మ గరిటె అందుకుంది.

"రారా, రా! మమ్మల్ని చంపాలని చూస్తివి కదా! నీకింక నా వంటింట్లో చోటు లేదు పో!"

"నేనేం చేసినాను అక్కా?" మునికృష్ణ గంపతో సహా నిలబడిపోయాడు.

వర్షిత చెక్క గరిటెతో పిండి కలుపుతూ, తల ఎత్తకుండా, "మామా, ఆ తాడుకు నేతముడి ఎవురేసినారో అత్తకు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది.

గోవిందస్వామి పొయ్యి పక్కనున్న బియ్యం మూట మీద కూలబడ్డాడు.

"వాణ్ణి ఏమీ అనద్దు మే. నేనే జరిపినాను. పక్కింటి అన్నదమ్ములిద్దరినీ పిల్చుకోనొచ్చి, ముగ్గురం కలిసి జరిపినాము. పెరట్లో బండి తూర్పుకు నిలబడుండె, ముందర కుడిపక్క ఆగ్నేయం, పొయ్యి ఉండాల్సిన చోటే ఉండె. పొద్దున్నే ఈ పిల్ల బండిని పడమటికి తిప్పి రోడ్డు మీద పెట్టె. బండి తిరిగినాక ఆగ్నేయం కూడా తిరిగిపోదా? తిరిగి ఎనక ఎడమపక్కకు వచ్చె. మొదటి పెళ్ళికి పోతా పొయ్యిని వాయవ్యంలో పెట్టుకోని పొమ్మంటావా? ఆదివారం తిరునిన్రవూరుకు పోయినప్పుడు తూర్పుకే పోయినాము, ఏ తప్పూ లేదు. వచ్చేటప్పుడు పడమటికే కదా వస్తిమి అంటావు. అప్పుడు నేను నిద్రపోయినాను, నాకు తెలీదు. పొయ్యితో పాటు సిలిండర్లుండల్ల, సిలిండర్లతో పాటు గ్రైండరు, ఇంక బియ్యం ఒక్కటే యాడ పెట్టేది? అన్నీ నేనే పెట్టినాను. మునికృష్ణకు ఇందులో ఏ సంబంధమూ లేదు. వాడికి తూర్పేదో పడమరేదో కూడా తెలీదు."