దాలమ్మకు సున్నా

నేను ఒక ప్రశ్నావళిని. మోకీళ్ల వాతం మనిషిని ఎంత బాధపెడుతోందో మార్కుల్లో చెప్పడం నా పని. సున్నా వస్తే బాధ లేనట్టు. ఎక్కడో చలిదేశంలో పుట్టిన నన్ను విశాఖపట్నంలో డాక్టర్ సుచరిత తెలుగులోకి తెచ్చి, తన ఆసుపత్రికి వచ్చే ఉద్యోగుల మీద, వాళ్ల తల్లుల మీద పరీక్షించింది. ఎక్స్‌రే చెప్పిందే చాలావరకు నేనూ చెప్పేదాన్ని. అందుకు నాకు గర్వం కూడా పట్టింది. మనుషుల మధ్య తిరిగితే పట్టకుండా ఉంటుందా?

తరవాత జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ల దగ్గరా పనికొస్తానేమో చూద్దామని నన్ను పలాస తీసుకెళ్లారు. నా మార్కులను బట్టే ఆపరేషన్‌కు ఎవరిని పంపాలో తేల్చాలనుకున్నారు.

దాలమ్మ అనే ముసలామె గోడకు ఆనుకొని కూర్చుంది. సుచరిత నన్ను చదివింది.

"మెట్లెక్కేటప్పుడు నొప్పి ఉంటుందా?"

"నేదమ్మా."

"కుర్చీలోంచి లేచేటప్పుడు?"

"నేదు."

"బజారుకు నడిచేటప్పుడు?"

"అదీ నేదు."

అన్నిటికీ సున్నా. "మీ మోకాళ్లు బాగానే ఉన్నాయమ్మా, ఇక వెళ్లొచ్చు" అంది సుచరిత.

దాలమ్మ అరచేతులు రెండూ నేలకు ఆనించి, కూర్చున్నది కూర్చున్నట్టే గుమ్మం వైపు దేకసాగింది.

సుచరిత చప్పున లేచింది. నేను ఆమె ఒళ్లోంచి జారిపడ్డాను.

"అమ్మా, మీరు నడవలేరా?"

"మనవరాలి పెల్లప్పుడే నడక ఆగిపోనాదమ్మా."

"మరి నొప్పి లేదన్నారేం?"

"మా ఇంటికి మెట్లు నేవు, కుర్చీ నేదు. బజారుకెల్తే గదా నొప్పెట్టడానికి. నువ్వడిగిందానికే సెప్పినాను."

సుచరిత నన్ను పక్కన పెట్టేసి, రోజెలా గడుస్తోందని అడిగింది.

"పగలు నీల్లు ముట్టనమ్మా. తాగితే బయటికెల్లాల. అక్కడ కూకుంటే మరి నెగలేను" అంది దాలమ్మ, మామూలుగా.

బయట కూర్చుని లేవగలరా అన్న ప్రశ్న నాలో లేదు. నీళ్లు మానేసిన మనిషికి ఏ బాధా లేదని నేను చెప్పాను.

సున్నా వచ్చి ఇళ్లకు వెళ్లిపోయిన ఆడవాళ్లందరినీ సుచరిత తిరిగి పిలిపించింది. దాలమ్మకు ఆపరేషన్ ఖాయమైంది. నా బదులు, ఏ పని మానేశారని అడిగే కొత్త ప్రశ్నావళి తయారవుతోంది.

నన్ను విశాఖలో అలమరాలో పడేశారు. నిన్న సుచరిత వచ్చి, అప్పట్లో నింపిన నా పాత ప్రతులన్నీ దింపింది. విశాఖలోనే సున్నా వచ్చినవాళ్లను ఏరి, మొదటి ఆమెకు ఫోన్ చేసింది.

"అమ్మా, మీరు ఇల్లు దాటి ఎన్నాళ్లయింది?"

అవతల సన్నగా ఏడుపు వినిపించింది.