ముసలాయన ప్రార్థన

గ్వెంజి ముసలాయన పోయాడు. శవాన్ని గుండ్రటి వంటింట్లో పడుకోబెట్టారు, చుట్టూ ఆడవాళ్లు కూర్చున్నారు. గుటు సీమలో మామ పోతే కోడళ్లే ఆయన బట్టలు తొడుక్కుని, ఆయనలా నడిచి, ఆయనలా కసురుకుని, ఏడ్చేవాళ్లను నవ్వించాలి. అది చేతకాని కోడలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

చిన్నకోడలు నొమలాంగకు గుండెల్లో రాయి పడింది. ఆమె దూరాన గ్వాండా నుంచి వచ్చిన ఎన్డెబెలె తెగ పిల్ల. వాళ్లలో కోడలు మామ పేరు పలకదు, మొహం చూడదు. కాపురానికొచ్చిన నాటినుంచి ఆయన ముందు తలెత్తితే ఒట్టు! చూడని మొహాన్ని పాపం ఎక్కణ్ణుంచి తెస్తుంది? పైగా అత్తగారికి ఆమె అంటే ముందే గిట్టదు. పిల్లది పిసినారి చెయ్యి అనీ, తనకూ ముసలాయనకూ కలిపి వడ్డించే పళ్లెంలో మాంసమే కనబడదనీ ఊరంతా చాటింది. ఇవాళ కూడా తెల్లమొహం వేస్తే, పుట్టింటికి తరిమేదాకా ఆవిడ ఊరుకోదు.

పెద్దకోడలు చెనాయి మామ కోటు తొడుక్కుని, కర్ర తాటించి, మేకల్ని తిట్టింది. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు, అత్తగారు తప్ప. చెనాయి ఆ కోటు విప్పి తోడికోడలి భుజాన వేసింది.

"నేనాయన మొహం ఎప్పుడూ చూళ్లేదక్కా," అంది నొమలాంగ.

"చూసిందేదో అదే చెయ్యవే."

ఏం చూసింది గనక? నేల, చాప, పళ్లెం. కానిమ్మనుకుని ఒక ఖాళీ పళ్లెం ముందు చతికిలబడింది. కళ్లు మూసుకుని భోజనం ముందరి ప్రార్థన ఎత్తుకుంది. వానకు స్తోత్రం, ఆవులకు స్తోత్రం, ఆవుల దూడలకు స్తోత్రం, ఎంతకీ తెమలదు. ఈలోగా కుడిచెయ్యి మెల్లిగా పాక్కుంటూ పోయి పళ్లెంలోంచి లేని ముక్కను తీసి నోట్లో వేసింది. మళ్లీ స్తోత్రం, మళ్లీ ముక్క. చివరికి బుగ్గలు నిండిన నోటితో "ఆమెన్" అంది.

అత్తగారు శవం వైపు తిరిగింది.

"ఓ దొంగ ముసలాయనా, అది భక్తే అనుకుని నేను కళ్లు గట్టిగా మూసుకునేదాన్ని గదయ్యా."

అని పకపకా నవ్వింది. ఆవిడతోపాటు ఇల్లంతా గొల్లుమంది. తర్వాత నొమలాంగను పక్కకు లాక్కుని, ఇన్నాళ్లూ నోరు విప్పలేదేమని నిలదీసింది. మామ మీద చాడీ చెప్పడం కోడలికి తగదని ఆ పిల్ల తల దించుకునే చెప్పింది.

"ఉత్తిపుణ్యానికి నిన్ను ఆడిపోసుకున్నానే తల్లీ," అంది అత్తగారు.

మట్టి చేసి వచ్చాక నొమలాంగే పళ్లెం పెట్టింది. అత్తగారు కళ్లు తెరుచుకునే ప్రార్థన చెప్పింది. ముగిసేసరికి పళ్లెంలో ముక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అవి చూసి ఆవిడ బావురుమంది.