గుడ్డ చుట్టిన సుత్తి

సముద్రం కనిపించే గదే కావాలని వెతుక్కునే బాబుల్లారా, ఆ గదుల్ని అమ్ముకునే మేడల యజమానుల్లారా, కళ్ళు మూసుకుని అనుమతులిచ్చే సంఘం పెద్దల్లారా! మీరంతా కలిసి ఒక పనివాడి చెవులు మూసేశారు. ఆ చెవుల్ని నమ్ముకుని ముగ్గురు మనుషులు సముద్రంలోకి వెళ్ళారు. ఈ కథ మీ గురించే. చదవడానికి చేదుగా ఉంటే మానెయ్యండి గానీ, మాకేం సంబంధం అని మాత్రం బుకాయించకండి.

ఆ ఉదయం మేడ మీద నాలుగు గదుల తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ముందురోజు ద్వీపంలో దిగిన బాబు, చేతిలో ఫోను పట్టుకుని గది గదికీ తిరుగుతున్నాడు. మంచం పక్కన నిలబడి ఒకసారి, కిటికీ చువ్వల్లోంచి చెయ్యి బయటపెట్టి ఒకసారి, ఆఖరికి స్నానాలగదిలో బోర్లించిన బకెట్టు ఎక్కి ఒకసారి నెట్టు వేగం కొలిచాడు. వెనకే నేల తుడుస్తూ వస్తున్నావిడ, అతని చెప్పుల మట్టి పడ్డచోటల్లా మళ్ళీ తుడుచుకుంటూ పోయింది. ఆవిణ్ణి అందరూ వడ్రంగక్క అంటారు. మొగుడు పడవల వడ్రంగి. మేడకి సరిగ్గా కిందే, ఇసుక మీద, అతని షెడ్డు.

"ఈ గది పర్లేదు," అన్నాడు బాబు. "నెట్టు పరిగెడుతోంది. ఆ టకటక ఏంటి?"

"పడవ కొడుతున్నారు బాబూ."

"ఎవరు?"

"మా ఆయనే."

"ఎప్పుడు ఆపుతాడు?"

"పడవ అయ్యాక."

బాబుకి నవ్వు రాలేదు. తన ఉద్యోగం ఎక్కడ కూర్చున్నా చేసుకోవచ్చట. అందుకని మూడో ద్వీపం మారుతున్నాడట. ఇక్కడికి వచ్చేముందు నలభై బసల గురించి చదివి పట్టిక వేసుకున్నానని గొప్పగా చెప్పాడు. కుర్చీ వీపు ఎత్తెంత, పరుపు మెత్తనెంత, కిటికీలోంచి ఎండ ఏ మూలకి పడుతుంది, అన్నీ ఉన్నాయి అందులో. 'నా పెళ్ళప్పుడు మావాళ్ళు పిల్లాడి గురించి కూడా ఇంత వాకబు చెయ్యలేదు' అనుకుంది అక్క. ఆ తీరాన ఎవరుంటారు, ఏం చేసుకుని బతుకుతారు అన్న గడి మాత్రం ఆ పట్టికలో లేదు. ఎందుకుంటుంది? ఆ గడి కుర్చీకి దిండు కాదు కదా!

అతను చదివిన ప్రకటనలో 'అలల సవ్వడి తప్ప మరేదీ వినిపించని చోటు' అని ఉంది. అది రాసినవాడు మేడ యజమాని. అందరూ అతన్ని మేడాయన అంటారు. షెడ్డు కనపడకుండా ఫోటో తీయడానికి ఇతగాడు మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగి నిలబడ్డాడు. అంత కష్టపడి అబద్ధమాడిన మనిషి, ఫిర్యాదు వచ్చేసరికి పంచె ఎగ్గట్టుకుని షెడ్డు మీదికి వచ్చాడు.

"ఏమోయ్, పది నుంచి అయిదు దాకా ఆ సుత్తి ఆపు. పైన మీటింగులు."

"పది నుంచి అయిదు ఆపితే నేను పని చేసేది ఎప్పుడండీ, కలలోనా?" అన్నాడు వడ్రంగి.

"చప్పుడు రాకుండా కొట్టుకో."

"చప్పుడు రాకుండా కొట్టడానికి ఇదేమన్నా కన్ను కొట్టడమా అండీ?"

"ఎకసెక్కాలొద్దు. ఆయన నెట్టులో ఒక్క చుక్క తక్కువేసి రాశాడంటే నా మేడ మొహం ఎవడూ చూడడు. ఈ షెడ్డు నా స్థలంలో ఉంది. నీ పెళ్ళాం పని నా మేడలో ఉంది. రెండూ గుర్తుపెట్టుకుని కొట్టు."

షెడ్డులో ఉన్న పడవ వడ్రంగక్క తమ్ముడిది. పాతది రాళ్ళకి తగిలి చీలిపోతే, ఉన్నదంతా ఊడ్చి కొత్తది కట్టించుకుంటున్నాడు. పదిరోజుల్లో చేపల వేట మొదలవుతుంది. ఆలోగా పడవ నీళ్ళలోకి దిగకపోతే ఏడాదంతా అతను ఇంకొకడి పడవలో కూలివాడు. మిగిలిన పని ఒక్కటే: పలకల మధ్య సందులు మూయడం. నూనెలో తడిపిన నూలుని సందులో పెట్టి, ఉలి ఆనించి, కొయ్యసుత్తితో దిగగొట్టాలి. నూలు అడుగుదాకా దిగిందో లేదో కంటికి కనపడదు. చప్పుడు చెబుతుంది. నిండిన సందు ఖంగుమంటుంది, నిండనిది బొదబొదమంటుంది. ఆ తేడా కోసమే వడ్రంగి ఒక చెవి పలకకి ఆనించి కొడతాడు. అతని కొలబద్ద అదే.

అన్నీ తెలిసిన వడ్రంగక్కే ఆ తప్పు చేసింది. షెడ్డు పోతే పడవా పోతుంది, పని పోతే పొయ్యీ ఆరుతుంది. మేడలో పారేసిన పాత దుప్పటి చింపి, కొయ్యసుత్తికి నాలుగు మడతలు చుట్టి, తాడు బిగించి మొగుడి చేతిలో పెట్టింది.

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడతను. "ఇది నాకు చెవుల్లో సీసం పోసినట్టే."

"పది రోజులేగా! ముప్ఫై ఏళ్ళుగా కొడుతున్నావు, నీ చేతికి తెలీదూ?"

అతను సుత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తెలీదంటే చిన్నతనం. పని తెలిసినవాడికి ఉండే పొగరు అతనికీ ఉంది. "తెలుసులే," అన్నాడు.

బుస్ బుస్ మని కొట్టాడు పది రోజులూ. పైనుంచి బాబు బాల్కనీలోకి వచ్చి, బొటనవేలెత్తి శభాష్ అన్నట్టు చూపించాడు. ఆ సాయంత్రమే మేడాయన్ని పిలిచి, "ఈ అలలు కూడా కాస్త ఎక్కువే. ఏమైనా చెయ్యగలరా?" అని అడిగాడు. "చూస్తాను సార్," అన్నాడు మేడాయన. సముద్రం అతని స్థలంలో లేదు కాబట్టి బతికిపోయింది.

పడవ అనుకున్న రోజుకే దిగింది. మొదటి రెండ్రోజులూ బాగానే వెళ్ళి వచ్చింది. మూడోరోజు, తీరం కనపడనంత దూరంలో, అడుగు పలక దగ్గర సందు నోరు తెరిచింది. తమ్ముడూ, మరో ఇద్దరూ తోడుతూనే ఉన్నారు, నీళ్ళు ఎక్కుతూనే ఉన్నాయి. పడవ మునిగాక ఖాళీ డబ్బాలు పట్టుకుని సగం పూట తేలారు. ఇంకో పడవవాళ్ళు చూసి లాగుతుంటే, అలకి తమ్ముడి కుడిచెయ్యి ఆ పడవకీ దాని పక్కన తాళ్ళతో కట్టిన దుంగకీ మధ్య పడి నలిగిపోయింది. ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు.

కట్టుతో పడుకున్న తమ్ముడు, మంచం అంచున కూర్చున్న అక్కతో అన్నాడు. "బావనేమీ అనకే. పాపం అన్నం కూడా ముట్టట్లేదట. సముద్రమన్నాక ఇవన్నీ ఉండేవే."

వడ్రంగక్కకి ఆ మాట మింగుడుపడలేదు. సముద్రం చేసిందా ఇది?

నాలుగురోజులకి ద్వీపం సంఘం ఆఫీసులో విచారణ పెట్టారు. వడ్రంగి తలొంచుకుని నిలబడ్డాడు. మేడాయన కుర్చీలో కూర్చున్నాడు. వడ్రంగికి పనితనం తగ్గిందనీ, అలాంటివాణ్ణి తీరంలో ఉంచడం ప్రమాదమనీ, షెడ్డు తీసేసి అక్కడ మరో నాలుగు గదులు వేస్తాననీ కాగితం ఇచ్చాడు. చేతులు పోయినచోట గదులు మొలిపించే బుర్ర అది! సంఘం పెద్ద కళ్ళజోడు సవరించుకుని, "తప్పు ఎవరిదో తేలాలి కదా," అన్నాడు.

"తేలడానికేముందండీ, గుడ్డ చుట్టింది నేను," అంది వడ్రంగక్క, గుమ్మంలోంచి లోపలికి వస్తూ. "నా తమ్ముడి చెయ్యి నేనే తీశాను. నా వంతు నేను మోస్తాను. మరి మీ వంతులేవి? చప్పుడు లేని చోటని రాసింది ఎవరు? పనిచేసే రేవు పక్కన అలా రాసుకోమని అనుమతిచ్చింది ఎవరు?"

"చూడమ్మా, వచ్చేవాళ్ళ మీదే కదా ద్వీపం బతుకుతోంది," అన్నాడు పెద్ద.

"ద్వీపమా, మీ మేడలా? ఆ బాబు పని ఎక్కడ కూర్చున్నా అవుతుందట. గదిలో, రైల్లో, చెట్టెక్కి కూడా చేసుకోవచ్చు. మా ఆయన పని ఈ ఇసుక మీద తప్ప ఎక్కడా అవ్వదు. కదలగలిగినవాణ్ణి కదలమనడానికి మీకు నోరు రాలేదు. కదల్లేనివాణ్ణి నోరు మూసుకోమన్నారు. అదీ మీ మర్యాద!"

మేడాయన అటు తిరిగి ఫోను చూసుకున్నాడు. అందులో బాబు రాసిన నాలుగు ముక్కలున్నాయి. అతను అప్పటికే నాలుగో ద్వీపంలో బకెట్టు ఎక్కి ఉంటాడు. 'ప్రశాంతమైన చోటు. చుట్టుపక్కల స్థానికులు చాలా సహకరిస్తారు' అని రాసి, ఉన్న చుక్కలన్నీ ఇచ్చేశాడు. మేడ గొప్పతనం చాటడానికి మేడాయన దాన్ని పైకే చదివి వినిపించాడు. వడ్రంగి మొదటిసారి తలెత్తాడు. అతని చూపుకి కాదు గానీ, ఆ మాటలకి సంఘం పెద్దే తల దించుకున్నాడు. దించుకుని, 'పరిశీలిస్తాం' అని రాసి దస్త్రం మూసేశాడు.

పరిశీలించడానికి ఏం మిగిలింది? ఒక చెయ్యి పోయింది, ఒక పడవ అడుగున ఉంది. గదులు వెతుక్కునే బాబుల్లారా, కింద ఎవరు పని చేస్తున్నారో ముందు అడగండి, ఆ చప్పుడు పడకపోతే పెట్టె సర్దుకోండి. ఎక్కడైనా బతకగలమని చెప్పుకునేవాళ్ళు మీరేగా! సంఘం పెద్దల్లారా, పనిచోటు పక్కన నిశ్శబ్దం అమ్ముకునే ప్రతి గదికీ తాళం వెయ్యండి. షెడ్డు కింది నేలని పనివాడి పేర రాయండి. చెయ్యి పోయిన మనిషికి మేడాయన చేత కొత్త పడవ కట్టించండి. వచ్చే సమావేశం దాకా కాదు, కుర్చీలోంచి లేవకముందే, ఇవాళే రాయండి.