పనిమంతుడి భార్య

వంతెన మీదుగా వరద పారి, ఆఫీసులన్నీ ఇళ్ళకు చేరిన ఏడాది అది. ఆమె గిన్నెలు తోముతోంది. పక్క గదిలో, కంప్యూటరులోంచి భర్త పైఅధికారిణి గొంతు వినిపిస్తోంది.

"నీలాంటివాడు ఇక్కడ దొరకడని నేను రాసిస్తేనే నీ వీసా పొడిగిస్తారు. రాసిస్తాలే. ఒక్కటి చెప్పు. అవతలి కంప్యూటరు నుంచి ఏమీ రాకపోతే ఏం చెయ్యాలో, అది ముందు రాసి ప్రోగ్రాం మొదలుపెడతావు. అందరూ చివర్లో రాస్తారు. నువ్వెందుకలా?"

అతను దగ్గాడు. "నెట్ ఆగిపోతోంది మేడమ్, ఒక్క నిమిషం."

ఆమె సబ్బు నురగ కేసి చూస్తూ నవ్వుకుంది. ఆ రాత ఆమెది. ఈ పరాయి దేశంలో అతనిది పనిమంతుడి వీసా, ఆమెది పనిమంతుడి భార్య వీసా. ఆమె జీతానికి పని చేస్తే ఇద్దరినీ సాగనంపుతారు. ఊరికే చేస్తే అడిగే చట్టం లేదు. పెళ్ళికి ముందు తన కింద ఓ జట్టునే నడిపిన మనిషి, ఇప్పుడు పొద్దున్నే అతని ప్రోగ్రాములు రాసి, తప్పులు దిద్ది, తర్వాత అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది. ఫోనులో అత్తగారు, "మావాడు రెక్కలు ముక్కలు చేసుకుంటుంటే మహారాణిలా కూర్చుని తింటున్నావు, నీకేం లోటమ్మా?" అంటుంది. స్నేహితులొస్తే అతను, "వీసావాళ్ళు మా ఆవిడ చేతులే కట్టేశారు, నోరు కట్టడం మర్చిపోయారు" అంటాడు. వాళ్ళు నవ్వుతారు. వాళ్ళ కప్పులు ఆమె కడుగుతుంది. నిన్ననే స్వదేశంలోని తన పాత ఆఫీసు నుంచి ఫోనొచ్చింది: తిరిగొచ్చి చేరితే ఆమె పేరు మీదే పనిమంతుల వీసాకి పెడతారట. ఆలోచించుకుని చెప్తానంది.

అతను వంటింట్లోకి ఊడిపడ్డాడు. "ఏయ్, అది ముందెందుకు రాస్తావే? తొందరగా చెప్పు, లైన్లో ఉంది!"

"అవతలి నుంచి ఏమీ రాకపోవడం నాకు అలవాటు గనక."

"వేళాకోళమా? నా ఉద్యోగం ఊడేలా ఉంది ఇక్కడ!"

ఆమె కుళాయి కట్టేసింది. చేతులు కొంగుకి తుడుచుకుంది.

"పాత ఆఫీసులో చేరుతున్నా. రేపే ప్రయాణం."

అతని మొహం పాలిపోయింది. "పిచ్చెక్కిందా? నువ్వు పోతే నా పనెవరు చేస్తారు?"

అన్నాక నాలిక కరుచుకున్నాడు. పక్క గదిలోంచి పైఅధికారిణి "ఉన్నావా?" అని పిలుస్తోంది.

"వెళ్ళు. నీ పని, నువ్వే చెప్పుకో" అంది ఆమె.

మర్నాడు పొద్దున అతను ఆమెకంటే ముందే లేచాడు. పెళ్ళయ్యాక మొదటిసారి కాఫీ కలిపాడు. ఆమె చక్కెర మానేసిన సంగతి తెలియక రెండు చెంచాలు వేసి, కప్పు బల్లమీద పెట్టి, దాని పక్కనే తన కంప్యూటరు తెరిచి, ఆమె కూర్చునే కుర్చీ వెనక్కి లాగాడు. సూట్‌కేసు చక్రాల చప్పుడు గుమ్మం దాటి మెట్లు దిగిపోయేదాకా, ఆ కుర్చీ పట్టుకుని నిలబడే ఉన్నాడు.