పళ్ళత్త కొరికిన గింజ

గోదాము వాకిట్లో పళ్ళత్త నోట్లోంచి రక్తం కారుతుంటే కోతవాళ్ళం, హమాలీలం కలిపి మూడు వందలమందిమి చూస్తూ నిలబడ్డాం. కొట్టింది గుత్తేదారు. బస్తాలో పొడిచి గింజ తీసే ఇనుప గొట్టంతో కొట్టాడు.

ఆమె చేసిన నేరం ఒక గింజ కొరకడం.

రవ్వ గోధుమకి మావాళ్ళ పరీక్ష అదే. అందులో ఆరితేరింది కాబట్టే ఆమెకి పళ్ళత్త అని పేరు. మంచి గింజ తేనెరంగులో ఉంటుంది, పంటికింద గాజులా టప్పున విరుగుతుంది. నాసిరకం మెత్తగా నలిగి పిండవుతుంది. గట్టిదైతే పంటలో సగం పండించినవాళ్ళది. మెత్తదైతే పశువుల దాణా కింద మొత్తం గుత్తేదారుదే. ఒప్పందం అలా రాయించుకున్నాడు. ఈ ఏడు పంటంతా మెత్తదేనని మిల్లు ఇచ్చిన పరీక్ష కాగితం చూపించాడు.

"మెత్తగా ఉన్నది మేంరా, గింజ కాదు! మెత్తనోళ్ళని చూస్తే మొత్తబుద్ధి అన్నట్టుంది నీ యవ్వారం," అంటూ అత్త గింజ కొరికింది. టప్పుమన్న చప్పుడు అందరూ విన్నారు. అప్పుడు లేచింది గొట్టం.

"ఆ కాగితం మీద సంతకం ఎవడిది?" హమాలీ మేస్త్రీ అరిచాడు.

నాదే. కోతవాళ్ళ ఇళ్ళలో మొదటి డిగ్రీ పట్టా నాది. మిల్లు ప్రయోగశాలలో ఉద్యోగం. గుత్తేదారు ఖాళీ కాగితం ముందుపెట్టి సంతకం చెయ్యమంటే, పెద్దాయన కదా అని చేశాను.

బస్తా ఎక్కి ఒప్పుకున్నాను. "ఖాళీ కాగితం మీద సంతకం పెట్టింది నేనే. పరీక్ష చేసిందీ నేనే. గింజ గట్టిదే. వందలో పద్నాలుగు పాళ్ళు మాంసకృత్తులున్నాయి. మన పిల్లలకి కండపట్టే తిండి ఇది. దాణా అన్నది అబద్ధం!"

"చదువుకున్నోడివి, ఖాళీ కాగితం మీద సంతకం పెడతావట్రా?" అంది అమ్మ కిందనించి.

అంతలోనే గుత్తేదారు కాపలావాళ్ళ కర్రలు నా మోకాళ్ళ మీద పడ్డాయి. ఎముక విరిగింది.

అత్త రెండు పళ్ళు అరచేతిలోకి ఉమ్మి గుత్తేదారుకి చూపించింది. "నావి రెండే రాలాయి. ఇంతమంది నోళ్ళలో ఎన్నున్నాయో చూసుకో."

అమ్మ గింజ కొరికింది. పక్కావిడ కొరికింది. వాకిలంతా టపటపా మోగింది. మేస్త్రీ గింజ పళ్ళ మధ్య పెట్టుకుని గుత్తేదారుకి ఎదురు నడిచాడు.

కాపలావాడి తుపాకీ పేలింది. మేస్త్రీ వెల్లకిలా పడ్డాడు. కదలలేదు.

అత్త వంగి, అతని పళ్ళ మధ్యనుంచి గింజ తీసి అమ్మ చేతిలో పెట్టింది. "నాకు కొరికే పళ్ళు పోయాయి. నువ్వు కొరకవే."

అమ్మ కొరికింది. టప్.

హమాలీలు నన్ను భుజాలకెత్తుకున్నారు. అందరం కలిసి మా పంట దాచిన గోదాము తలుపు మీద పడ్డాం.