నీళ్ళక్క గుట్ట

ఐదో కావడి దించి, కిందటేడు పెట్టిన చివరి వరుస మొదళ్ళకు నీళ్ళు పోసి, నీళ్ళక్క నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడింది. అరవై నిండిన మనిషి. ఎండకు కమిలిన ముఖం, కావడి బద్ద ఒరిసి కాయకాచిన కుడి భుజం, మట్టి పట్టి నల్లబడిన గోళ్ళు. ఈ రోజుతో ఉద్యోగం ఆఖరు. ఆమె అసలు పేరు నర్సరీ హాజరు పట్టీలో ఉందే తప్ప ఎవరి నోటా లేదు.

పదకొండేళ్ళ కిందట దేశం ప్రపంచానికి మాటిచ్చింది, భూమి వేడెక్కకుండా కోట్ల చెట్లు పెంచుతామని. ఆ మాట రాజధాని నుంచి ఒక్కో ఆఫీసే దిగి వచ్చి, ఈ బోడిగుట్ట మీద పదివేల గుంతలైంది. తొలి వానకు మొక్కలు నాటారు, ఫోటోలు దిగారు, లక్ష్యం పూర్తయిందని రాసి పంపారు. వేసవికల్లా సగం ఎండిపోయాయి.

"చచ్చినవాటి చోట మళ్ళీ పెట్టాలి సార్," అని అప్పుడే నీళ్ళక్క రేంజర్‌ను అడిగింది.

"నాటమన్నారు, నాటేశాం. నీకెందుకమ్మా లేనిపోని తలనొప్పి?"

నీళ్ళక్క తన పని మొదలుపెట్టింది. వంకర తిరిగాయని నర్సరీలో పారేసే మొక్కలను ఎత్తుకెళ్ళి ఖాళీ గుంతల్లో పెట్టింది. పని అయ్యాక వాగు నుంచి నీళ్ళు మోసింది. ఒక్కో మొక్క మనిషెత్తు దాటేదాకా మోస్తూనే ఉంది. "మా అమ్మ నన్ను కూడా ఇంత ముద్దు చెయ్యలేదు," అని కూతురు అందరికీ చెప్పి నవ్వేది.

ఈ ఉదయం రాజధాని నుంచి తనిఖీ అధికారిణి వచ్చింది. నాటిన మొక్కల అంకె ఇక చెల్లదట. బతికున్న చెట్లే దేశం నివేదికలో చేరతాయట. ఆమె అప్పటికే మూడు కొండలు చూసి వచ్చింది. మూడింటా మిగిలినవి గుంతలే. రేంజర్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

పది మంది సిబ్బంది ఒక్కో మానుకూ సున్నం బొట్టు పెడుతూ గుట్టెక్కారు. మధ్యాహ్నం దాటాక అంకె తేలింది. తొమ్మిది వేల ఏడువందల పన్నెండు.

అధికారిణి నమ్మలేదు. ఒక వరుస తనే మళ్ళీ లెక్కపెట్టుకుంది. సరిపోయింది.

"ఎలా చేశారండీ ఇది?"

రేంజర్ నోరు తెరిచి, ఆగి, పక్కనే ఉన్న నీళ్ళక్కను చూపించాడు. "నేను కాదు మేడమ్. వద్దన్నవాణ్ణి నేను. చేసింది ఈవిడ."

"ఏం చేశారమ్మా?"

"ఏముందమ్మా, దాహమేసినప్పుడు నీళ్ళిచ్చాను. పోయినదాని చోట ఇంకోటి పెట్టాను."

"మరి ఆ రెండువందల ఎనభై ఎనిమిదో?" అధికారిణి నవ్వింది.

"అక్కడ కిందంతా బండమ్మా. నాలుగుసార్లు పెట్టి ఓడిపోయాను," నీళ్ళక్క తప్పు ఒప్పుకున్నట్టు చెప్పింది.

అధికారిణి నవ్వు ఆగిపోయింది. "దేశం ఇచ్చిన మాట నిలబెట్టారమ్మా మీరు. ఇకనుంచి ప్రతి కొండకూ నాటినవాటిని పెంచే మనిషి ఉండి తీరాలని రాస్తున్నాను. మీ గుట్టను చూపించే రాస్తున్నాను."

సిబ్బంది ఈలలు వేశారు. నర్సరీ ఆడవాళ్ళు ఆమెను ఎత్తి తిప్పబోతే, "దించండే, నడుం విరుగుతుంది!" అని అరిచింది. కళ్ళ నీళ్ళు, నవ్వు ఒక్కసారే వచ్చాయి.

సాయంత్రం హాజరు పట్టీలో ఆఖరి సంతకం పెట్టింది. కూతురు స్కూటర్ మీద వచ్చి, కొత్త చెప్పులు తొడిగి, వెనక కూర్చోబెట్టుకుంది. పదకొండేళ్ళు ఎండలో దిగిన దారి పొడవునా చల్లటి నీడ. నీళ్ళక్క వెనక్కి తిరిగి చూడలేదు. తలెత్తి, రెండు పక్కలా కొమ్మలను చూస్తూ వెళ్ళిపోయింది.

నర్సరీ షెడ్డు గడప దగ్గర పాత రబ్బరు చెప్పుల జత ఉండిపోయింది. మడమల దగ్గర అరిగి చిల్లులు పడ్డాయి. ముందు వైపు ఐదు వేళ్ళ అచ్చుల్లో గుట్ట మట్టి ఇంకా తడిగానే ఉంది.